ట్రక్కు కింద కాదు, క్రేన్ కింద నిమ్మకాయలు

బావను చూడటానికి ఖతార్ వెళ్తే, డ్యూటీకంటూ నన్నూ ఎడారికి లాక్కెళ్లాడు. ఎప్పటిదో యుద్ధంలో సైన్యం వదిలేసిన ట్రక్కు అక్కడ ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. ముచ్చటపడి దాన్ని కొన్న ఖతారీ పెద్దాయన ఆశ వదులుకుని, తన కారు పక్కన నిలబడి, కోసి ముక్కలుగానే తియ్యమన్నాడు.

"కోస్తే తుక్కు, గుంజితే బండి. నేను గుంజుత," అంటూ బావ తన క్రేన్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"ట్రక్కును యుద్ధమే ఏం చెయ్యలే. దిష్టి ఏం చేస్తది బావా?"

"గవి నీ నోటికే బామ్మర్దీ."

పెద్దాయన తన కన్ను చూపించి, దిష్టికా అని సైగ చేశాడు. బావ తలూపాడు. ఆయన దిష్టి తగలకుండా వాళ్లు అనుకునే "మాషా అల్లా" అని, ఒక నిమ్మకాయ అడిగి తీసుకుని తన కారు చక్రం కిందా పెట్టుకున్నాడు.

క్రేన్ మూలిగింది, బావ వదల్లేదు. ట్రక్కు ముక్కలు కాకుండా పైకొచ్చింది.

"అబ్బ, ఎంత బాగా..." అన్నానో లేదో ఇద్దరూ ఒకేసారి నావైపు గుడ్లురిమారు. మిగతా మాట మింగేసి, "మాషా అల్లా" అన్నాను.