సొంత బుట్టలో పడ్డ బంతి

వారమంతా సిటీ బస్సులో కండక్టరు, ఆదివారం బాస్కెట్‌బాల్ కోర్టులో రిఫరీ. రెండుచోట్లా మెడలో ఈల వేలాడేది కాబట్టి అందరికీ ఆవిడ ఈలమ్మే. "బస్సులో మీరు ఊదితే బండి కదుల్తుంది, ఇక్కడ ఊదితే ఆట ఆగిపోతుంది" అని ఏడిపించేవాళ్ళకు కొదవ లేదు.

ఆ ఆదివారం మాత్రం ఈలమ్మకు నవ్వు రాలేదు. ఆ ఆటకు రావలసిన వేరే రిఫరీ ఎగ్గొట్టాడు. ఆడే జట్లలో ఒకదానికి కోచ్ ఆవిడ సొంత అక్క. రెండు జట్లూ సరేననడంతో తప్పించుకునే దారి లేకపోయింది. ఆరు పాయింట్ల తేడాతో గెలిస్తేనే అక్క జట్టు ఫైనల్‌కు వెళుతుంది. లేకపోతే జట్టునే ఎత్తేస్తామని క్లబ్బువాళ్ళు అక్క ముఖం మీదే చెప్పేశారు. ఈలమ్మకూ ఆ సంగతి తెలుసు.

ఆట ముగియబోతోంది. అక్క జట్టు రెండే పాయింట్లు ముందుంది. అంతలో ఆ జట్టులోని పొడుగుపిల్ల బంతి అందుకుని, వెనక్కి తిరిగి, తమ సొంత బుట్టలోనే వేసేసింది.

జనం గొల్లుమన్నారు. ఎదుటి జట్టు ఎగిరి గంతేసింది. పొరపాటున పడితే ఆ రెండు పాయింట్లూ వాళ్ళవే. స్కోరు సమానమై ఆట పొడిగిస్తారు. అక్కకూ కావలసింది అదే, పొడిగించిన ఆటలో ఆ ఆరూ సంపాదించుకోవచ్చు. కానీ కావాలని వేస్తే అది తప్పు, పాయింట్లు చెల్లవు. ఏదన్నది తేల్చాల్సింది బుట్ట దగ్గరున్న ఈలమ్మే. పొరపాటేనంటే అందరికీ సంతోషం, అడిగేవాడు ఉండడు. అయినా ఆవిడ ఈల ఊది, చెల్లదన్నట్టు చేతులు అడ్డంగా ఊపింది.

బంతి ఎదుటి జట్టుకు వెళ్ళింది. వాళ్ళు గురి తప్పారు. అక్క జట్టు రెండు పాయింట్లతో గెలిచి కూడా ఫైనల్‌కు వెళ్ళలేకపోయింది.

కోర్టు ఖాళీ అయ్యాక ఈలమ్మ భయపడుతూనే అక్క దగ్గరికి వెళ్ళింది.

"తిట్టక్కా. ఏదో ఒకటి అను."

"నేనే చెప్పి వేయించానని నీకెలా తెలిసిందే?"

"పొరపాటు చేసిన పిల్లయితే బంతి వంక చూసి లబోదిబోమంటుంది. ఆ పిల్ల నీ వంక చూసింది, బాగా చేశానా అన్నట్టు."

అక్క బెంచీ మీద కూలబడింది.

"నేనేం చెప్పినా మారుమాట్లాడకుండా చేస్తారే వాళ్ళు. ఇప్పుడు కూడా లోపల బట్టలు మార్చుకుంటూ, రేపు ప్రాక్టీసు ఎన్నింటికని అడుగుతున్నారు. ఇక జట్టే లేదని ఏ నోటితో చెప్పమంటావు?"