మా ఇంటిల్లిపాది బెల్లం మొక్కు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా వీధి మలుపు దగ్గర ముందు నా పొట్ట కనిపించేది, ఆ తర్వాత తీరిగ్గా నేను కనిపించేవాణ్ణి. బడిలో ముగ్గురు కూర్చునే బెంచీ మీద నేనూ, ఇంకొక బక్కవాడూ కూర్చునేవాళ్లం. ఏడో తరగతితో నేను చదువు మానేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆ బెంచీయేనని ఇప్పటికీ నా అనుమానం. నా మీద నేనే జోకులు వేసుకోవడం అప్పుడే అలవాటైంది. ఎదుటివాడు అనేలోపు మనమే అనేసుకుంటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుంది.

మా నాయన టైలరు. అందరికీ కుట్టే పద్ధతి ఒకటి, నాకు కుట్టే పద్ధతి ఒకటి. నా నిక్కర్లకూ చొక్కాలకూ లోపల నాలుగు వేళ్ల మడత దాచి కుట్టేవాడు. రెండు నెలలకోసారి ఆ కుట్టు విప్పి, మడత వదిలి, మళ్లీ కుట్టేవాడు. ఇది మా ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఏడాది వయసులో నేను జ్వరంతో పుల్లలా అయిపోయి, బతుకుతానో లేదో అన్నట్టు ఉన్నానట. అందుకని నా ఒంట్లో పెరిగిన ప్రతి కండనూ దేవుడిచ్చిన వరంగానే చూసుకున్నారు. ‘ఇంకొక్క ముద్ద’ అనకుండా అమ్మ నా పళ్లెం ఎత్తేది కాదు. మా అవ్వకు, అంటే నాయన వాళ్లమ్మకు, అన్నం తిన్నాక నాలుగు వేరుశెనగ బుడ్డలు ఒలుచుకొని బెల్లంతో తింటే గానీ భోజనం ముగిసినట్టు కాదు. తాను తినే బెల్లం ముక్క చిన్నది, నాకు పెట్టేది పెద్దది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు ఒక పెళ్లికి నంద్యాల బయలుదేరాం. మేము బస్టాండు చేరేసరికి బస్సు కదులుతోంది. అమ్మా నాయనా నాలుగడుగులు పరుగెత్తి ఎక్కేశారు. నేను మూడో అడుగులోనే ఊపిరి అందక కూలబడ్డాను. పెదాలు నల్లబడ్డాయట. నాయన కదిలే బస్సులోంచి దూకిన చప్పుడు మాత్రం నాకు బాగా గుర్తుంది.

వారం తిరక్కముందే అమ్మా నాయనా అవ్వా నన్ను నంద్యాలలో ఒక పెద్ద డాక్టరమ్మకు చూపించారు. ఆమె నన్ను కాటా ఎక్కించి, ముల్లును చూసి, నన్ను చూసి, మళ్లీ ముల్లును చూసింది. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారో తేలక కాబోలు. తర్వాత నాయనతో కటువుగానే చెప్పింది.

“గుండె గట్టిగానే ఉందప్పా. అది మోసే మూటే పెద్దది. ఇట్లే పోతే అదీ అలిసిపోతాది. వీడొక్కనికే పత్యం పెడితే నెల కూడా నిలవదు. ఇంట్లో అందరూ ఒకటే తిండి తినండి, అందరూ కలిసి నడవండి. తిట్టొద్దు, మాడ్చొద్దు.”

అన్ని మాటల్లో నాయన చెవికి ‘పత్యం’ అన్న మాట ఒక్కటే ఎక్కింది. మరుసటి రోజు నుంచి నా పళ్లెంలో ఒక రొట్టె, ఆకుకూర. పక్కన మిగతావాళ్ల పళ్లేల్లో అన్నం, పప్పు, నెయ్యి. నాయన సాయంత్రం హోటల్లో మిరపకాయ బజ్జీలు తిని, మూతి తుడుచుకుంటూ వచ్చి, నేనేం తిన్నానో లెక్క అడిగేవాడు. పదో రోజున నేను గూట్లో ఉన్న బెల్లం జాడీ ఖాళీ చేసేశాను. అడిగితే పిల్లి తిన్నదన్నాను.

“పిల్లి బెల్లం తింటాదా రా? నీ మూతికేందీ అది?” అని నాయన గజంబద్దతో రెండు వేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పూట నా పళ్లెం తీసుకొని తలుపు చాటుకు వెళ్లి, గోడవైపు తిరిగి కూర్చొని తిన్నాను. మరుసటి పూటా అంతే. జోకులు కూడా అయిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను. అవ్వ చూసింది.

ఆ మరునాడు పొద్దున్నే అందరినీ నడవలోకి పిలిచింది. “నాకొక పొరబాటు అయిపోయినాదప్పా,” అని మొదలుపెట్టింది. “వీనికి ఏడాదప్పుడు జరమొస్తే, వీని ఎత్తు బెల్లం తూకమేస్తానని సామికి మొక్కుకున్యా. మర్సేపోయినా. అందుకే మొన్న బస్టాండులో వీనికట్లా అయింది. మొక్కు తీరేదాకా బెల్లం సామిది. ఈ ఇంట్లో ఎవురూ నోట్లో పెట్టకూడదు. నూనెలో దేవిన బజ్జీలూ వడలూ తినకూడదు. అందరూ ఒకటే కుండలో సంగటి తినల్ల. పొద్దున్నే అందరం గుడికి నడ్సుకుంటా పోవల్ల.”

“నా టీ సంగతేంది మా?” అన్నాడు నాయన.

“తాగు. చక్కెర లేకుండా తాగు.”

“బెల్లం కదా నువ్వు మొక్కుకునింది?”

“చక్కెర ఎవురనుకున్యావ్? బెల్లానికి తమ్ముడే కదా!”

దేవుడి మాట కాబట్టి నాయన ఆ పూట నుంచే చప్పటి టీ తాగాడు. ఆ రోజు మధ్యాహ్నం అవ్వే వచ్చి తలుపు చాటునున్న నా పళ్లెం తీసుకెళ్లి తన పళ్లెం పక్కన పెట్టింది. అన్ని పళ్లేల్లోనూ ఒకటే జొన్న సంగటి, ఒకటే గోంగూర. నేను వెళ్లి కూర్చున్నాను.

గుడి ఊరి బయట మిట్ట మీద ఉండేది. మొదట్లో నేను సగం దారిలో కాలువ మీదున్న మోరీ దగ్గరే చతికిలబడేవాణ్ణి. ఎవరూ నన్ను దాటి ముందుకు పోలేదు. “నా మోకాళ్లు నొస్తాండాయి” అంటూ అవ్వ నా పక్కన కూర్చునేది. రోజంతా మిషను మీద కూర్చునే నాయనకు నాకంటే ఎక్కువ ఆయాసం. ఆయన రొప్పుతుంటే చాలా రోజులకు నాకు మళ్లీ జోకు తోచింది. “నాయనా, నీకూ నాలుగు వేళ్ల మడత వదలల్ల” అన్నాను. అమ్మ పైట అడ్డం పెట్టుకొని నవ్వింది. అమ్మకు అన్నిటికంటే కష్టమైంది ఆ చివరి ముద్ద మానడం. నేను చాలు అన్నప్పుడల్లా ఆమె చెయ్యి గిన్నె దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చేది.

గుడిలో అవ్వ రోజూ అందరికంటే ఎక్కువసేపు లెంపలేసుకునేది. ఎంత భక్తో అనుకునేవాణ్ణి.

వానలప్పుడు మొదలుపెట్టాం. జొన్నకోతలు అయ్యేసరికి మోరీ దగ్గర ఆగడం మానేశాను. ఒక పొద్దున అందరికంటే ముందు మెట్లెక్కి నేనే గంట కొట్టాను. నేను సన్నబడిపోయానని కోతలు కొయ్యను. పొడుగయ్యాను, బరువు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. ఆ నెలలోనే నా నిక్కరు నడుము నిలవడం లేదని అమ్మ నన్ను నాయన అంగడికి పంపింది. నాయన కుట్టు విప్పాడు. ఎప్పటిలా బయటికి వదలకుండా మొదటిసారి బట్టను లోపలికి మడిచాడు. మిషను తొక్కకుండా ఆ నిక్కరును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. “దారం కనపడతాలేదు రా, నువ్వు ఎక్కించు,” అన్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఎండలు ముదిరాక మొక్కు చెల్లించే రోజు వచ్చింది. త్రాసులో ఒకవైపు నేను, ఒకవైపు బెల్లం. ముసలి పూజారి అవ్వను వింతగా చూశాడు. “ఏందమ్మా, ఈ పిల్లోని మొక్కు వీనికి జరం తగ్గంగానే తీర్చినావు కదా? నేనే తూకమేసినా. చారెడంత ఉన్యాడు అప్పుడు.”

అవ్వ తడబడలేదు. “అది వాన్ని బతికించినందుకు సామీ. ఇది మేము చెడగొట్టినందుకు.” తూగిన బెల్లాన్ని పగలగొట్టి గుడి ముందున్న అందరికీ పంచింది. మాకు తలా గోరంత ముక్క. అంత తీపి నేను మళ్లీ ఎన్నడూ తినలేదు. ఆ రోజూ ఆమె లెంపలేసుకుంటుంటే చూశాను. అది భక్తి కాదనీ, నా కోసం దేవుడి పేరు మీద ఆడిన అబద్ధానికి రోజూ అడిగిన క్షమాపణ అనీ అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నా మనవరాలు కాస్త బొద్దుగా ఉంది. మా ఇంట్లో ఎవరైనా ఆ పిల్ల చేతిలోంచి లడ్డు లాక్కోబోతే నేను ముందు నా చేతిలోది కింద పెట్టి, “పద తల్లీ, తాతకు తోడు రా” అని చెప్పులేసుకుంటాను. ఒక పిల్లను పంక్తిలోంచి లేపి చేసే పత్యం పత్యం కాదని అవ్వ దగ్గర నేర్చుకున్నాను. బడి ఏడో తరగతికే మానినా ఈ పాఠం మానలేదు.

మీసాలొచ్చాక, నాయన పక్కన నేనూ ఒక మిషను వేసుకొని కూర్చున్న రోజుల్లో, అవ్వను ఒకసారి ఏడిపించాను. “దేవుని పేరు చెప్పి అబద్ధమాడినావే అవ్వా, నీకు నరకం ఖాయం!”

అవ్వ ఒలుస్తున్న బుడ్డల్లోంచి తలెత్తకుండానే అంది. “పోతే పోతా లేరా. బెల్లం మింగి పిల్లి మీద చెప్పినోళ్లకు గూడా ఆడనే తావంట. నువ్వూ రాక తప్పదు. వచ్చేటప్పుడు బస్సెక్కొద్దు, నడ్సుకుంటా రా.”