స్కోప్ మీద బొట్టు

మా బావ వేటకు కొన్న రైఫిల్ మూడు వందల మీటర్ల దాకా సూటిగా కొడుతుంది. మెల్‌బోర్న్‌కు తూర్పున ఆయన వేటకెళ్లే కొండల్లో, చెట్ల మధ్య, మహా అయితే వంద మీటర్లు కనబడుతుంది. అయినా సరే, గురి చూసుకోవడానికి రైఫిల్ మీద దుర్భిణిలాంటి పెద్ద స్కోప్ కావాలి, దాని నెత్తిన దూరాన్ని బట్టి తిప్పుకునే డయల్ కావాలి. ఆఫీసులో ఎవడో కొన్నాడట. ఇంకేముంది, ఈయనా కొన్నాడు.

జీరో చేయడానికి, అంటే గురి సరిచేసుకోవడానికి, తుపాకులు కాల్చి చూసుకునే రేంజికి నన్నూ లాక్కుపోయాడు. నాకు లైసెన్స్ లేదు. బైనాక్యులర్‌తో కాగితం మీద చిల్లులు చూసి చెప్పడమే నా పని. వంద మీటర్ల దగ్గర గుండ్లు నడిమధ్య పడేలా సరిచేసి, డయల్‌ను సున్నా మీద పెట్టాడు. దూరం పెరిగితే గుండు కిందికి దిగుతుంది కాబట్టి డయల్ పైకి తిప్పాలి. దగ్గరికి వచ్చేసరికి మళ్లీ సున్నాకు తేవాలి. ఆ రోజు పని మాత్రం శ్రద్ధగా చేశాడు, కాదనను.

తరవాత దసరా వచ్చింది. ఆయుధపూజకు కార్ల తాళాలు, లాప్‌టాప్‌లు, మిక్సీ పెట్టి, వాటి పక్కన రైఫిల్ కూడా పెట్టించింది మా అక్క. తడి కుంకుమ వేలికి అద్దుకుని, బాగా అంటుకోవాలని ఆ డయల్ మీదే ఒత్తి, తిప్పి మరీ బొట్టు పెట్టింది. టిక్కుటిక్కుమని చప్పుడు నాకు వినబడింది. అంకెలన్నీ ఎర్రగా పూడుకుపోయాయి.

"బావా, డయల్ కదిలింది. వేటకెళ్లే ముందు రేంజిలో ఒక్క షాట్ కొట్టి చూసుకో" అన్నాను.

"పూజ చేసిన గన్‌తో ఫస్ట్ షాట్ పేపర్ మీదా? బొట్టు తుడిస్తే మీ అక్క ఊరుకుంటదా? ఐ నో మై రైఫిల్, బామ్మర్దీ."

నాకు ఒళ్లు మండింది. అయినా మాంసం మోయడానికి మనిషి కావాలంటే వెళ్లాను.

పొద్దున్నే లోయకు అవతల ఒక ఆడ సాంబర్ దుప్పి అడ్డంగా నిలబడి మేస్తోంది. ఎనభై మీటర్లుండదు. బావ పడిపోయిన చెట్టు మొద్దు మీద రైఫిల్ ఆనించి, ముందు జబ్బ వెనక గురి చూసి కాల్చాడు. ఊపిరితిత్తుల్లో దిగాల్సిన గుండు పైకి పోయి వెన్నెముకకు తగిలింది. వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. ముందు కాళ్లతో దేకుతూ అది అరిచింది. దుప్పి అలా అరుస్తుందని నాకు తెలియదు. రెండో గుండు దాని వీపు మీదుగా పోయి మట్టి లేపింది.

పరుగున లోయ దిగి దాని దగ్గరికి వెళ్లాం. ఇంకా దేకాలనే చూస్తోంది పాపం.

"దగ్గర్నుంచి కాల్చెయ్ బావా, నీకు దండం పెడతాను."

ఆయన దాని వంక చూస్తేగా! బొటనవేలి గోటితో డయల్ మీది కుంకుమ గీకుతున్నాడు.

"చూడు, త్రీ హండ్రెడ్‌కి తిరిగి ఉంది! అందుకే హై పోయింది. నా జీరో కరెక్టేరా!"

మొహం వెలిగిపోయింది. నింపాదిగా డయల్‌ను సున్నాకు తెచ్చాడు. తరవాత వెనక్కి తిరిగి, మొద్దు వైపు గట్టు ఎక్కడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి?"

"అక్కణ్ణుంచే కొడతా. కన్ఫర్మ్ అయిపోద్ది. నువ్వు దూరం జరుగు."

పెద్దంతరం చిన్నంతరం చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన చెవికెక్కితేగా. ఆయన ఎక్కినంతసేపూ అది ముందు కాళ్లతో మట్టి తవ్వుతూనే ఉంది, నేను పక్కకు జరిగి చూస్తూ నిలబడ్డాను. ఈసారి గుండు గురి పెట్టిన చోటే పడింది. పైనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక అక్కకు అంతా నేనే చెప్పాను. అరుపు, పడిపోయిన కాళ్లు, ఈయన మళ్లీ గట్టెక్కడం, ఒక్క ముక్క దాచలేదు. అక్క వింటూనే, బావ లాకర్‌లో పెట్టబోతున్న రైఫిల్ వంక చూసింది. మొహం మాడిపోయింది.

"అదేంటండీ, బొట్టు తుడిచేశారా?" అంది.