జాడ తెలియని రఫూ

సూరత్ బట్టల బజారులో లసుమవ్వ మొదటి గెలుపు ఒక తగాదాతో వచ్చింది. చిరిగిన చీరకు ఆమె రఫూ చేసి ఇస్తే, చిరుగు ఎక్కడా కనబడక, చీరనే మార్చేసిందని ఆమె పనిచేసే దుకాణం సేఠ్ కేకలేశాడు. వెలుతురుకు పట్టి, పోగులు కలిపిన చోటు చూపించాకే నమ్మాడు. అప్పటి నుంచి మన సిరిసిల్ల ఆడబిడ్డ బాగుచేసిన చీరలు ఆ ఊరి వరాఛా, అడాజన్ పేటల పెళ్లిళ్లలో ఎన్ని మెరిశాయో లెక్కలేదు. కట్టుకున్నవాళ్లకు ఆమె పేరు తెలియదు. చీర మడత లోపలి నుంచే పోగు లాగి, పెదవులతో తడిపి సూదికి ఎక్కిస్తుంది. పనయ్యాక కళ్లు మూసుకుని వేలితో తడుముతుంది. వేలికి తగిలితే విప్పి మళ్లీ మొదలుపెడుతుంది.

పోయిన నెల మన మగ్గాలవాళ్ల పిల్ల ఇందుజ పెళ్లిచీరను ఎలుక కొరికింది. లసుమవ్వ రెండు రోజులు కూర్చుని నేసినట్టే కలిపింది. ఇందుజ చీరంతా వెతికింది.

"ఏడ చేసినవ్ అవ్వా? కనవడ్తలేదు."

"కనవడితే నా పేరు ఖరాబైతది బిడ్డా. కట్టుకో."

మాట్లాడుతున్నప్పుడు లసుమవ్వ ముఖం తనవైపు కాక గోడవైపు ఉండటం పిల్ల గమనించింది.

"నేనన్న కనవడ్తున్ననా నీకు?"

"జర మసక మసకగ."

రెండు కళ్లకూ పొరలు వచ్చాయట. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన నాలుగో రోజే ఇందుజ ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆపరేషన్లు బాగా జరిగాయి, చూపు నిలిచింది. కిటికీ పక్కన ఆమె చోట సేఠ్ ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. చిరిగిన చీరలన్నీ అక్కడే పేర్చి పెట్టాడు. ఆగస్టు పన్నెండున లసుమవ్వ మళ్లీ పనికి వస్తుంది.