సర్వర్ ఖాలా అడిగిన క్షమాభిక్ష

సర్వర్ బేగం స్కూలు బస్సులో ఆయా. అజ్మాన్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. మా అమ్మకంటే పెద్దది కాబట్టి నేను ఖాలా, అంటే పెద్దమ్మా, అంటాను. ఆమె నన్ను "మే" అంటుంది. ఆఫ్రీన్ అనే పేరు నాకున్నట్టు ఆమెకు కోపం వచ్చినప్పుడే గుర్తొస్తుంది.

పొద్దున్నే పిల్లలను సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం ఆమె పని. అందరూ దిగాక చివరి సీటు దాకా నడిచి, సీట్ల కిందకు కూడా వంగి చూస్తుంది. నిద్రపోయిన బిడ్డ ఎండలో బస్సులో ఉండిపోతే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. పఠాన్ డ్రైవరు "ఖలాస్, యల్లా" అని, అయిపోయింది పదమని తొందరపెడితే, "నీ యల్లా నీ దగ్గరే పెట్టుకో" అని రాయచోటి తెలుగులో కసురుతుంది. అతనికి ఒక్క ముక్క అర్థం కాదు గానీ నోరు మూసుకుంటాడు.

అంతకుముందు ఆమె దుబాయ్‌లో ఒక హైదరాబాదీ ఇంట్లో పిల్లవాణ్ణి పెంచింది. వాడే సైఫ్. పురిటి పసికందుగా ఆమె చేతికొచ్చాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు అయినా వాడికి మొదట వచ్చిన భాష మాత్రం ఖాలా తెలుగు. దుబాయ్‌లో పుట్టిన హైదరాబాదు పిల్లవాడు "యాడికి పోతాండావ్ సర్వరమ్మా?" అనేవాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఖాలా పైటచెంగుతో మూతి దాచుకుని నవ్వుతుంది. వాడికి పదేళ్ళప్పుడు ఆ కుటుంబం అమెరికా వెళ్ళిపోయింది. ఆమెకు కన్న పిల్లలు లేరు. సైఫ్ ఫోటో మాత్రం ఆమె ఫోను తెరవగానే కనిపిస్తుంది.

ఆ సైఫ్ ఇప్పుడు అమెరికాలో జైల్లో ఉన్నాడు. కారు నడుపుతూ ఫోను చూశాడు. రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన చనిపోయాడు. వాళ్ళమ్మ అయేషా మేడం ఆ కబురు చెప్పిన రోజు ఖాలా అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఐదు పూటల నమాజులోనూ ఒకటే దువా: నా బిడ్డను ఇంటికి పంపు.

2025 జనవరిలో అమెరికాలో ఒక అధ్యక్షుడు దిగిపోయి మరొకరు వచ్చారు. దిగే ఆయనా క్షమాభిక్షలు పెట్టాడు, ఎక్కే ఆయనా పెట్టాడు. ఖాలా ఫోన్లో అవే వార్తలు.

"మే, ఆయన సంతకం పెడితే సాలంట. తలుపు తీసేస్తారంట. దరఖాస్తు నువ్వు రాయల్ల."

"ఎవరు చెప్పారు?"

"వాట్సాప్‌లో వచ్చింది."

వాట్సాప్‌కూ నాకూ ఉప్పూ నిప్పూ. షార్జాలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఎవరేం చెప్పినా ఎక్కడ చదివారని అడగడం నాకో జబ్బు. ఖాలాకు ఆ జబ్బు లేదు. ఆమె కళ్ళెదుట ఉన్నది ఈ దేశం. ఇక్కడ రంజాన్ ముందు, పండగల ముందు పాలకులు ఎంతోమంది ఖైదీలను విడిపిస్తారు. ఇక్కడి పెద్దాయన చేసే పని, అంతకంటే పెద్ద దేశపు పెద్దాయన చేయలేడా? ఆమె లెక్క అది.

"చూసి చెప్తా ఖాలా," అన్నాను.

నిజంగానే చూశాను. మా లైబ్రరీలో అమెరికా ప్రభుత్వం మీద ఉన్న పుస్తకాలు దింపాను. వాళ్ళ రాజ్యాంగం మూలం చదివాను. వాళ్ళ న్యాయశాఖ వెబ్‌సైటులో క్షమాభిక్షల విభాగం పేజీ తెరిచాను. అన్నీ ఒకే మాట చెప్పాయి. కేంద్ర ప్రభుత్వ చట్టాల కింద పడిన శిక్షలనే అధ్యక్షుడు మాఫీ చేయగలడు. రాష్ట్ర కోర్టు వేసిన శిక్ష జోలికి పోలేడు. సైఫ్‌ది రాష్ట్ర కోర్టు. ఎక్కడో ఒక మినహాయింపు ఉండకపోతుందా అని మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. పుస్తకం తప్పయితే బాగుండునని నా ఉద్యోగంలో మొదటిసారి కోరుకున్నాను.

చెప్పడానికి వారం తాత్సారం చేశాను. చివరికి శుక్రవారం మధ్యాహ్నం, ఆమె మెంతికూర తుంచుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

ఆకులు తుంచడం ఆపకుండానే అడిగింది. "అంత పెద్ద కుర్చీలో కూసోనుండాడే, ఒక్క తలుపు తీయలేడా?"

"ఆ తలుపు ఆయనది కాదు ఖాలా."

"మరి ఎవురిది?"

దానికీ వెతికి పెట్టాను. ఆ రాష్ట్ర ప్రభుత్వం పేజీ తెరిచి తెలుగులో చెప్పాను. గవర్నరును అడగొచ్చు. ముందు ఒక బోర్డు చూస్తుంది. శిక్ష చాలావరకు అనుభవించాకే అడగాలి. "దరఖాస్తు వస్తే చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకు కబురు పెడతారు. వాళ్ళేమంటారో కూడా వింటారు."

ఖాలా చేతులు ఆగిపోయాయి. ఇక్కడ మనవాళ్ళెవరైనా ఇలాంటి కేసులో ఇరుక్కుంటే, ముందు చనిపోయినవాళ్ళ ఇంటికే మనిషిని పంపుతారు. వాళ్ళు మాఫీ అంటే సగం తలుపు తెరుచుకున్నట్టే. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్న ఆమెకు అది ఒకరు చెప్పే పని లేదు.

"ఆ సచ్చిపోయినాయన పేరేంది మే?"

రాజ్యాంగం చదివినదాన్ని, ఆ పేరు చూడలేదు.

"మేడం ఎప్పుడూ చెప్పలే. నేనూ అడగలే," అంది ఖాలా. "రోజూ బస్సులో చివరి సీటు దాకా పొయ్యి చూస్తా. ఈడ మాత్రం నా బిడ్డ ఒక్కణ్ణే చూసుకుంటి. ఆయన్ను ఆడనే వదిలేసి దిగొచ్చినా."

నేను గబగబా ఫోను తీశాను. "కోర్టు రికార్డు వెతికితే దొరుకుతుంది ఖాలా, నిమిషంలో..."

"నువ్వు చూడొద్దు," అంది. "వాడే చెప్పల్ల."

పోయినవాళ్ళను తలుచుకుని దువా చేసే షబేబరాత్ రాత్రికి ముందురోజు సాయంత్రం సైఫ్ ఫోను వచ్చింది. జైలు ఫోన్ల జాబితాలో ఖాలా నంబరు వాడే రాయించాడు. అక్కడ తెలుగు మాట్లాడటానికి వాడికి మనిషి లేడు. ఇక్కడ అస్ర్ నమాజు అయింది, స్టవ్ మీద హల్వా ఉంది. నేను గరిటె అందుకున్నాను, ఆమె ఫోను అందుకుని స్పీకరు పెట్టింది.

"సర్వరమ్మా, బాగుండావా?"

"బాగుండా నాయనా. రేపు బడీ రాత్. హల్వా చేస్తాండా. పోయిన మనోళ్ళ పేర్లన్నీ చెప్పి ఫాతిహా చదవల్ల. ఆయన పేరు తెలీక నిలిచిపోయింది. ఏం పేరు?"

"ఎవురి పేరు?" అన్నాడు. ఎవరిదో వాడికి తెలుసని ఆ గొంతే చెప్పింది.

"నీ కారు కింద పడినాయన పేరు."

"కోర్టులో విన్యా. నా నోటితో ఎప్పుడూ అనలే సర్వరమ్మా. ఎవురూ అడగలే."

"నేను అడుగుతాండా గదా."

"ఎల్వుడ్," అన్నాడు. ఆ వెంటనే వాడికి ఏడుపు తన్నుకొచ్చింది. పాతికేళ్ళు దాటిన మనిషి, పసివాడు ఏడ్చినట్టే వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను స్టవ్ ఆపేశాను.

ఖాలా ఊరుకోమనలేదు. బస్సులో ఎంతమందిని ఊరుకోబెట్టిందో లెక్కలేదు, వీణ్ణి మాత్రం ఏడవనిచ్చింది.

"పెద్దాయన సంతకం గురించి అమ్మ చెప్పింది," అన్నాడు కాసేపటికి. "పని జరగదంట కదా?"

"జరగదంట. ఆఫ్రీన్ పుస్తకాలన్నీ చూసింది."

"మరి నన్ను రమ్మని దువా చేస్తాండావా ఇంగా?"

"చేస్తా. రేపటినుంచి ముందు ఆయనకు, తర్వాత నీకు. నువ్వూ అట్లే అడుగు."

టైము అయిపోతోందని ఇంగ్లీషులో రికార్డు గొంతు మధ్యలో దూరింది. దాని వెనక సైఫ్ గొంతు చిన్నగా వినిపించింది. "సరే సర్వరమ్మా. నేనూ అడుగుతా."

మర్నాడు హల్వా గిన్నె ముందు ఊదొత్తి వెలిగించి ఖాలా చేతులెత్తింది. వాళ్ళమ్మ, వాళ్ళ నాయన, చనిపోయిన తమ్ముడు... పేర్లు వరసగా వచ్చాయి. వేరే మతపాయనకు ఫాతిహా ఏమిటని ఎవరైనా అంటారేమోనని నాకు భయంగానే ఉంది. ఎక్కడ చదివావు అని మాత్రం అడగాలనిపించలేదు. ఆమె అందరినీ దించి, చివరి సీటు దాకా వెళ్ళి, "ఎల్వుడ్" అంది. నేను ఆమీన్ అన్నాను.