హుసేన్‌బీ వదిలిన సందులు

నిన్నటి వానకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్లు నిలిచాయి. వాచ్‌మన్ మోటారు పెట్టి తోడుతుంటే, గోడల సున్నం తడిసిన వాసన మెట్ల మీదుగా పైకొచ్చింది. పక్కింటివాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటూ నిలబడ్డాను. తాండూరులో నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే హుసేన్‌బీ చేతులకు ఎప్పుడూ ఇదే వాసన.

అవి అరవైల మొదటి రోజులు. మా ఆయన ఉద్యోగం కోసం తాండూరు వెళ్లాం. మేం అద్దెకు దిగిన ఇంటి కింద ఒక తహఖానా ఉండేది. పది మెట్లు దిగితే నడివేసవిలోనూ చల్లగా ఉండే నేలమాళిగ. వీధివైపు కిటికీ లేదు, దారి వాకిట్లోంచే. అందుకే, ఆడపిల్లను బయటి బడికి పంపేది లేదని భీష్మించిన ఇళ్లవాళ్లు కూడా ఆ గదికైతే సరేనన్నారు. ఎనిమిది మంది అమ్మాయిలు నా దగ్గర చదువుకోవడానికి వచ్చారు. తొలకరి పడగానే గోడ వెంట నీళ్లు ఊరడం మొదలైంది. ఇంటి యజమాని సావుకారు వచ్చి చూశాడు.

"ఇంకోపారి నీళ్లొస్తే మట్టి పోసి పూడ్పిస్త పంతులమ్మా. గోడలు నానితే ఇల్లే కూలుతది," అన్నాడు.

గది పోతే ఎనిమిది మంది చదువూ అక్కడితో సరి.

నేను ఊరుకునే రకం కాదు. లోపలి గోడలకు గచ్చు పూయించాను. పెచ్చులూడింది. మళ్లీ పూయించాను. పక్కింట్లో ఉండే హుసేన్‌బీ ఖాలా అది చూసి పడీపడీ నవ్వింది. భర్తతో కలిసి ముప్ఫై ఏళ్లు బండల గనిలో రాయి కొట్టిన మనిషి. ఆయన పోయాక ఒంటరిగా ఉండేది. మోకాళ్లు అరిగాయి కానీ నోరు మాత్రం అరగలేదు.

"దొంగ ఇంట్లకొచ్చినంక తలుపేస్తవా బిడ్డా? వాకిట్లనే ఆపాలె," అంటూ బిందెడు నీళ్లు వాకిట్లో కుమ్మరించింది. బండలు ఎప్పుడు కుంగాయో ఏమో, నీళ్లన్నీ బుద్ధిగా మా గోడ దగ్గరికే నడిచాయి. గోడ వెంట బండలు లేపించింది. మోకాలిలోతు కాలువ తవ్వించి, వెనక గల్లీలోని మురుగు మోరీ దాకా వాలు పెట్టించింది. అందులో రాతిముక్కలు నింపి, పైన బండలు తనే పరిచింది. బండకూ బండకూ మధ్య వేలెడు సందు వదిలింది. "సందులు గట్లనే ఉండనియ్యి," అని చెప్పి, చెల్లెలిని చూడటానికి బొంరాస్‌పేట వెళ్లింది.

తాండూరులో బండలు పరిస్తే సందులో సూది దూరకూడదు. దూరిందా, ఇరుగుపొరుగు వచ్చి మరీ వెక్కిరిస్తారు. నా వాకిలేమో పళ్లూడిన నోరులా ఉంది. పాపం ముసలిది, ఓపిక లేక వదిలేసిందనుకున్నాను. నేనూ అమ్మాయిలూ కలిసి సున్నం కలిపి, ఒక్క సందు మిగలకుండా పూడ్చేశాం. ఎంత ముచ్చటగా ఉందో! రెండు రోజులకు వాన పడింది. కాలువలోకి దిగాల్సిన నీళ్లు దారిలేక బండల మీంచి జారి గోడలోకి ఇంకాయి. తహఖానాలో మా చాపలు తేలాయి. సావుకారు మట్టిబండ్లకు కబురు పెట్టాడు.

మర్నాడు ఖాలా వచ్చింది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె బండల్ని చూసి, నా గోళ్లలో సున్నం చూసి, నుదురు కొట్టుకుని నవ్వింది.

"సందులు ఎందుకు ఇడిసిన్నో నువ్వు అడగలే. నేను గూడ చెప్పలే. తప్పు ఇద్దరిది. ఉలి తే, పా!"

సావుకారును వాకిట్లోనే ఆపింది. "ఇంకొక్క వాన చూడు సావుకార్. అప్పుడు గూడ నీళ్లొస్తే మొదటి తట్ట మట్టి నేనే పోస్త."

ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. పొద్దుగూకేదాకా అందరం నేలమీద కూలబడి సున్నం గీకాం. ఆ వారంలోనే కుండపోత. వాన వెలిశాక సావుకారు చెప్పులు విడిచి మెట్లు దిగి, తహఖానా నేలను అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. మట్టిబండ్ల మాట మళ్లీ ఎత్తలేదు. వెనక మోరీలో నీళ్లు గలగలా పడుతుంటే ఖాలా ఆ చప్పుడు వింటూ తీరిగ్గా చాయ్ తాగింది.

తర్వాత ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఏ పిల్లనూ 'చెప్పింది చెయ్యి' అనలేదు, ఎందుకో చెప్పాను. నేను మరిచిపోతే వాళ్లే అడిగేట్టు అలవాటు చేశాను. కానీ నేను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. సంతకం కూడా రాని మనిషి, కడుపున ఒక్క బిడ్డైనా లేని మనిషి, ఎవరి ఆడపిల్లల చదువు కోసమో ఆ అరిగిన మోకాళ్లతో అన్ని రోజులు ఎందుకు నేలమీద పాకిందని. నాకు తెలుసులే అనుకున్నాను. ఆమె నోట వినాల్సింది.