హగరి అవతల ఆగిన లారీ

మూడేళ్ల కిందటి వానాకాలం. బళ్లారిలో ఆస్పత్రులకు డయాలసిస్ సామాను పంపే డిపోలో నేను డిస్పాచ్ ప్లానర్‌ని. ఏ లారీ ఎప్పుడు బయల్దేరాలి, ఎవరికి ఎంత దించాలి అన్నది నా పని. ఆ వారం హగరి నది పొంగి రోడ్డు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా కాన్సన్‌ట్రేట్ క్యాన్ల లారీ గుంతకల్లు వైపే నిలిచిపోయింది. రక్తం శుభ్రం చేసే యంత్రంలో నీళ్లతో కలిపే ద్రావణం అది. అది లేకపోతే యంత్రం నడవదు.

డిపోలో కొన్ని క్యాన్లే మిగిలాయి. ముందు ఫోన్ చేసింది ఊళ్లోని పెద్ద ఆస్పత్రిలో స్టోర్స్ చూసే ఎర్రిస్వామి.

"ఉండేవన్నీ మాకే పంపప్పా. బేగ పంపు."

మా సరుకులో సగానికి పైగా వాళ్లకే పోతుంది. పంపేయమనే మా మేనేజర్ కూడా అన్నాడు. నేను లోడు ఆపించి, మిగతా సెంటర్లన్నింటికీ ఫోన్ చేశాను. ఎంత కావాలని అడగలేదు, ఉన్నది ఎప్పటిదాకా వస్తుందని అడిగాను.

సిరుగుప్పలో చిన్న సెంటర్ చూసుకునే టెక్నీషియన్ లక్ష్మి మెల్లగా చెప్పింది. "ఈ పొద్దుకు సరిపోతాదన్నా. రేపు ఎవురికీ పెట్టలేను. ఇద్దరికి ఇప్పుడే ఆయాసం వస్తాండాది."

"మరి ఫోన్ చెయ్యలేదేంది?"

"దావే లేదంటాండారు కదా. అడిగి ఏం చేసేది?"

పెద్ద ఆస్పత్రికి నేనే వెళ్లాను. అక్కడ బఫర్ స్టాక్, అంటే ఇలాంటి అవసరానికని పక్కన పెట్టే నిల్వ, రెండు మూడు రోజులకు సరిపడా ఉంది. సిరుగుప్ప దారి హగరికి ఇవతలే, తెరిచే ఉంది. డిపోలోని క్యాన్లు అక్కడికి పంపుతున్నానని ఎర్రిస్వామికి చెప్పాను.

"లారీ ఇంకా లేటయితే? వార్డు నిండా జనం ఉండారు. వాళ్లకు నేనేం చెప్పేది?"

దబాయింపు కాదు, భయం. ఆ భయంలో న్యాయం ఉంది.

"రైలు వంతెన మీద బండ్లు నిదానంగా నడుస్తాండాయన్నా. సరుకు పార్సిల్లో తెప్పిస్తా. మొదటి క్యాన్లు నీకే."

"మాట తప్పొద్దప్పా."

లారీని గుంతకల్లు స్టేషన్‌కు తిప్పించాను. పార్సిల్ అనుకున్న రోజు రాలేదు, మరునాడు వచ్చింది. ఆలోగా ఎర్రిస్వామి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పాను. అతని నిల్వ చివరికొచ్చింది గాని ఏ యంత్రమూ ఆగలేదు. సిరుగుప్పలో ఆ ఇద్దరూ తేరుకున్నారు.

దారి తెరుచుకున్నాక అడిగినవాళ్లకు పంపితే సరిపోతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు దారి మూసుకుందని తెలియగానే ఫోన్ పట్టుకుంటాను. ముందుగా, నాకు ఫోన్ చేయనివాళ్లకు.